గాయం తగ్గాక మళ్లీ ట్రయథ్లాన్‌కి ఎలా దిగాలి: ముందు పరుగు, తర్వాతే రేస్ తేదీ

"డాక్టర్ ఓకే అన్నారు, ఇంకో రెండు నెలల్లో రేస్ ఉంది, పేరు ఇచ్చేయనా?" ఈత, సైకిల్, పరుగు వరుసగా చేసే ట్రయథ్లాన్ సీజన్ దగ్గరపడే కొద్దీ ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. ఒకరికి మోకాలి కింద ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడిన భారానికి వచ్చే సన్నని పగులు) అయి ఏడాది దాటింది, ఇంకొకరికి మడమ వెనక, పిక్క కండరాన్ని ఎముకకి కలిపే అకిలీస్ టెండన్ వాచి నెలల తరబడి తగ్గలేదు, మరొకరికి మోకాలు, ఆ మీద పెళ్లి, ఉద్యోగం మార్పు, పిల్లలు అన్నీ కలిసి రెండేళ్ల గ్యాప్. అందరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకేచోట రాస్తున్నాను.

ముందే ఒక్క మాట చెప్పేస్తాను, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. మళ్లీ మొదలుపెడితే ఆయాసం కొన్ని వారాల్లోనే తగ్గిపోతుంది, తొడలకి బలం కూడా త్వరగానే వస్తుంది. ఎముక, టెండన్ మాత్రం నెలలు తీసుకుంటాయి. ఆ మధ్య కాలంలో "బాగానే ఉన్నాను, ఇంకాస్త పరిగెత్తగలను" అనిపిస్తుంది చూడండి, ఎక్కువ మందికి గాయం తిరగబెట్టేది అప్పుడే. కాబట్టి రేస్ తేదీ పెట్టుకుని దానికి పరుగుని సరిపెట్టకండి. పరుగు కుదిరాక తేదీ చూసుకోండి.

ఈ పద్ధతి కాలికి గాయమై, కనీసం ఆరు నెలలు ఆగిపోయి, మళ్లీ స్ప్రింట్ ట్రయథ్లాన్‌తో మొదలుపెట్టాలనుకునే వాళ్ల కోసం. స్ప్రింట్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. మోకాలికి లిగమెంట్ ఆపరేషన్ లాంటిది అయి ఉంటే మీ సర్జన్, ఫిజియో ఇచ్చిన షెడ్యూలే మీకు ముఖ్యం, నేను చెప్పేది దాని తర్వాతే.

కావలసినవి

- గాయాన్ని చూసిన డాక్టర్ లేదా ఫిజియో దగ్గర్నుంచి స్పష్టమైన అనుమతి
- సర్వీసింగ్ చేయించిన సైకిల్, పగుళ్లు లేని హెల్మెట్
- కొత్త రన్నింగ్ షూ
- ఈతకి గాగుల్స్, క్యాప్, పుల్ బాయ్ (కాళ్లు తేలేలా తొడల మధ్య పెట్టుకునే ఫోమ్ ముక్క)
- టైమర్ ఉన్న ఏ వాచ్ అయినా సరే, ఖరీదైన జీపీఎస్ వాచ్ లేకపోయినా పని ఆగదు
- ఒక నోట్‌బుక్, లేదా ఫోన్‌లో నోట్స్
- వారానికి ఐదారు గంటలు, నాలుగు నుంచి ఆరు నెలల సమయం

ఆ చివరిది కుదరదు అనుకుంటే రేస్ ఆలోచన పక్కన పెట్టి హాయిగా ఈత, సైకిల్ కొనసాగించండి, అందులో తప్పేమీ లేదు.

1. డాక్టర్‌ని సరైన ప్రశ్నలు అడగండి

"మళ్లీ ఎక్సర్‌సైజ్ చేయొచ్చా" అని అడిగితే "చేయొచ్చు" అంటారు. వాకింగ్ గురించి అడుగుతున్నారనుకుంటారు, మీరేమో పది కిలోమీటర్ల పరుగు అనుకుని బయటికి వస్తారు. సూటిగా ఇలా అడగండి: ఎముక పూర్తిగా అతికిందా, లేక ఇంకా అతుకుతోందా? పరిగెత్తడం, ఒంటికాలిపై గెంతడం ఇప్పుడు చేయొచ్చా? నొప్పి వస్తే ఎంతవరకు పర్లేదు, ఎక్కడ ఆపేయాలి? అసలు ఈ గాయం ఎందుకు వచ్చింది?

ఆఖరి ప్రశ్న వదిలేయకండి. స్ట్రెస్ ఫ్రాక్చర్ అయిన వాళ్లు విటమిన్ డి, కాల్షియం సంగతి తప్పకుండా అడగాలి. తెల్లారకముందే ప్రాక్టీస్ ముగించి రోజంతా ఆఫీసులో కూర్చునే వాళ్లకి ఎండ తగిలేదే తక్కువ. ఆడవాళ్లలో ట్రైనింగ్ పెరిగి తిండి తగ్గి పీరియడ్స్ ఆగిపోతే అది ఎముకలు బలహీనపడుతున్నాయని గట్టి హెచ్చరిక, దాన్ని "ట్రైనింగ్‌లో మామూలే" అని ఎవరైనా అంటే నమ్మకండి, డాక్టర్‌కి చెప్పండి.

నలభై దాటిన వాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులోనే గుండెజబ్బు వచ్చిన వాళ్లు ఉన్నవాళ్లు, ఈ మధ్య మెట్లెక్కితే ఛాతీలో పట్టేసినట్టు అనిపించిన వాళ్లు గుండె పరీక్ష కూడా చేయించుకోండి. గాయం కాలికే కదా అనుకోవద్దు.

2. మూలన పడున్న సామాన్లు బయటికి తీయండి

ఏడాదికి పైగా బాల్కనీలో నిలబడిన సైకిల్‌ని గాలి కొట్టి రోడ్డెక్కించకండి. మన ఎండకి టైర్ల పక్కలు పగులుతాయి, వేలితో వంచి చూస్తే సన్నని గీతలు కనిపిస్తాయి. కనిపిస్తే టైర్, ట్యూబ్ రెండూ మార్చేయండి. బ్రేక్ ప్యాడ్లు గట్టిపడి జారుతుంటాయి, గేర్ కేబుళ్లు తుప్పు పడతాయి, చెయిన్ బిగుసుకుపోతుంది. ఒక్క సర్వీసింగ్‌తో ఇవన్నీ అయిపోతాయి. హెల్మెట్ ఒకసారి గట్టిగా కింద పడి ఉంటే, పైకి బాగానే కనిపించినా కొత్తది కొనుక్కోండి.

షూ దగ్గర పిసినారితనం వద్దు. పాత జత పెద్దగా వాడలేదు కదా అని అదే వేసుకుంటారు, కానీ ఊరికే ఉన్నా అడుగున ఫోమ్ గట్టిపడుతుంది, పైగా గాయమైన రోజుల్లో మీరు వాడింది ఆ జతే.

సీటు ఎత్తు కూడా మళ్లీ చూసుకోండి. గోడ పట్టుకుని సైకిల్ మీద కూర్చుని పెడల్‌ని కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టండి, మోకాలు దాదాపు నిటారుగా ఉంటే సరిపోయినట్టే. మోకాలి ముందు భాగం నొప్పెడుతుంటే సీటు తక్కువగా ఉందేమో చూడండి, మోకాలి వెనక లాగుతుంటే ఎక్కువగా ఉండొచ్చు. అకిలీస్ ఇబ్బంది ఉన్నవాళ్లు క్లీట్లని (షూ అడుగున పెడల్‌ని పట్టుకునే ముక్కలు) కాస్త మడమ వైపు జరిపితే పిక్కల మీద భారం తగ్గుతుంది.

3. పరిగెత్తే ముందు ఈ పరీక్షలు పాసవ్వండి

ఇంట్లోనే చేయొచ్చు. ఫోన్‌ని ఎదురుగా పెట్టి వీడియో తీసుకోండి, అద్దంలో కనిపించనివి అందులో కనిపిస్తాయి.

- 30 నుంచి 40 నిమిషాలు వేగంగా నడవాలి. నడిచేటప్పుడు గానీ మర్నాడు పొద్దున గానీ నొప్పి ఉండకూడదు.
- మెట్టు అంచున ఒంటికాలి మునివేళ్ల మీద పైకి లేచి నెమ్మదిగా దిగాలి, కనీసం 20 సార్లు. రెండో కాలితో ఎన్ని చేయగలరో గాయమైన కాలితోనూ దాదాపు అన్నే రావాలి.
- ఒంటికాలి మీద 30 సెకన్లు కదలకుండా నిలబడాలి.
- మెట్టు మీద నుంచి ఒక్క కాలి బలంతో నెమ్మదిగా దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలిపోకూడదు.
- డాక్టర్ ఒప్పుకుంటేనే ఆఖరిది: ఉన్నచోటే ఒంటికాలితో 10 సార్లు గెంతడం, నొప్పి లేకుండా.

ఇందులో ఒక్కటి ఫెయిలైనా పరుగు వద్దు. ఈత, సైకిల్ మొదలుపెట్టి, వారానికి రెండు రోజులు వీటినే వ్యాయామంగా చేయండి. మునివేళ్ల మీద లేవడం, కుర్చీలోంచి ఒంటికాలితో లేవడం, వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం, మెట్టు దిగడం. ఒక్కొక్కటి 8 నుంచి 12 సార్లు, మూడు విడతలు. తేలికైపోతే వీపు మీద పుస్తకాలు నింపిన బ్యాగ్ వేసుకోండి. పరుగు మొదలయ్యాక అందరూ మానేసేది ఇవే, దయచేసి మానకండి.

4. ముందు నీళ్లలోకి

ఈతలో కాళ్ల మీద బరువు పడదు కాబట్టి ముందు ఇదే. మొదటి రెండు వారాలు దూరం లెక్క పెట్టొద్దు, 25 మీటర్లు ఈదడం, 20 సెకన్లు ఆగడం, ఇలా 20 నుంచి 30 నిమిషాలు చాలు. ఆ తర్వాత 50లు, 100లు. కాలికి విశ్రాంతి కావాలంటే పుల్ బాయ్‌ని తొడల మధ్య పెట్టుకోండి.

జాగ్రత్తలు మూడు. మోకాలి గాయం ఉన్నవాళ్లు కప్పలా కాళ్లు తన్నే బ్రెస్ట్ స్ట్రోక్ వద్దు, ఆ కాలి కదలిక మోకాలి లోపలి వైపుని మెలిపెడుతుంది. అకిలీస్, పాదం గాయాలున్నవాళ్లు గోడని గట్టిగా తన్ని తిరగకండి, పాదాలకి తొడిగే ఫిన్స్ పెట్టుకోకండి. ఇక భుజం సంగతి. కాలు బాగోలేదు కదా అని ఈతని ఒక్కసారిగా పెంచేస్తే రెండు నెలలకి భుజం పట్టేస్తుంది, ఇప్పుడు రెండు గాయాలు. వారానికి మూడుసార్లకి మించొద్దు.

నాలుగైదు వారాలయ్యాక ఒకసారి కొలుచుకోండి. బాగా వార్మప్ చేసి 400 మీటర్లు ఈది టైమ్ రాసుకోండి, కాసేపు ఆగి 200 మీటర్లు ఈదండి. మొదటి టైమ్‌లోంచి రెండోది తీసేసి సగం చేస్తే, మీరు నిలకడగా ఈదగలిగే 100 మీటర్ల వేగం వస్తుంది. ఉదాహరణకి 400కి 10 నిమిషాలు, 200కి 4 నిమిషాల 40 సెకన్లు పడితే, తేడా 5 నిమిషాల 20 సెకన్లు, సగం చేస్తే 100 మీటర్లకి 2 నిమిషాల 40 సెకన్లు. ఈ లెక్కన 750 మీటర్లకి 20 నిమిషాలు. రేస్‌లో ఈత కటాఫ్‌తో, అంటే ఈత ముగించాల్సిన గడువుతో, దీన్ని పోల్చి చూసుకుంటే సగం టెన్షన్ పోతుంది.

5. సైకిల్: తేలిక గేర్, చదును రోడ్డు

మొదట్లో 30 నుంచి 40 నిమిషాలు, వారానికి రెండుసార్లు. బరువైన గేర్ వేసి బలంగా తొక్కడం మోకాలికి మంచిది కాదు, తేలిక గేర్‌లో నిమిషానికి 85 నుంచి 90 చుట్లు తిప్పండి. ఎంత కష్టపడాలో తెలియాలంటే మాట్లాడి చూడండి. మీ ఇంటి అడ్రస్ డోర్ నంబర్ నుంచి పిన్ కోడ్ దాకా మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా చెప్పగలిగితే సరైన వేగంలో ఉన్నట్టు. మొదటి రెండు నెలలు తొక్కేదంతా ఇలాగే ఉండాలి. తర్వాత వారాంతం రైడ్‌ని మెల్లగా గంటన్నర దాకా తీసుకెళ్లండి.

ఎక్కడ తొక్కాలన్నది మన దగ్గర నిజంగా పెద్ద సమస్య. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ కప్పుతో 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒక భాగం, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకో భాగం. గాయం నుంచి కోలుకునేవాళ్లకి ఇది మంచి చోటు, గుంతలు, లారీలు, ఎదురొచ్చే బండ్లు ఉండవు. ఓఆర్ఆర్ ప్రధాన రోడ్డు మీదికి మాత్రం వెళ్లొద్దు, అక్కడ సైకిళ్లకి అనుమతి లేదు. విశాఖలో తెల్లవారుజామున భీమిలి వైపు బీచ్ రోడ్డు బాగుంటుంది, కైలాసగిరి ఎక్కుడు మాత్రం మోకాలు పూర్తిగా కుదిరే వరకు వద్దు.

కుక్కలు వెంటపడితే వేగం పెంచి పారిపోవాలనిపిస్తుంది, పాత గాయం ఉన్న కాలితో ఆ పని చేయకండి. వేగం తగ్గించి, దిగి, సైకిల్‌ని కుక్కకీ మీకూ మధ్య పెట్టి నడవండి, చాలావరకు అవే ఆగిపోతాయి. వాన పడుతుంటే రోడ్డు మీది తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు జారతాయి, ఆ రోజుకి ఇంట్లో సైకిల్‌ని కదలకుండా నిలబెట్టే ట్రైనర్ మీద తొక్కడమే నయం.

6. పరుగు: ఇక్కడ తొందరపడొద్దు

మూడో అంచెలోని పరీక్షలన్నీ పాసయ్యాకే ఇది. రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు, ప్రతిసారీ ముందు 5 నిమిషాల నడక. తర్వాత ఇలా:

- మొదటి దశ: 4 నిమిషాలు నడక, 1 నిమిషం పరుగు, ఆరుసార్లు
- రెండో దశ: 3 నడక, 2 పరుగు, ఆరుసార్లు
- మూడో దశ: 2 నడక, 3 పరుగు, ఆరుసార్లు
- నాలుగో దశ: 1 నడక, 4 పరుగు, ఆరుసార్లు
- ఐదో దశ: 1 నడక, 9 పరుగు, మూడుసార్లు
- ఆరో దశ: 30 నిమిషాలు ఆగకుండా

ఒక్కో దశలో మూడు పరుగులూ నొప్పి లేకుండా అయితేనే తర్వాతి దశ. కాగితం మీద ఆరు వారాలు, నిజానికి ఎనిమిది నుంచి పది వారాలు పడుతుంది, మధ్యలో జ్వరమో ప్రయాణమో రాకుండా ఉండదు కదా. వారం కంటే ఎక్కువ ఆగితే ఒక దశ వెనక్కి వెళ్లండి. మొదటి దశ మరీ తేలికగా ఉంటుంది, ముఖ్యంగా అప్పటికే ఈత, సైకిల్‌తో ఆయాసం తగ్గిన వాళ్లకి. "ఇది నాకు అవసరమా" అనిపిస్తుంది. అవసరమే. ఈ దశలు ఊపిరి కోసం పెట్టినవి కావు, నేలని తాకే ప్రతి అడుగుకీ ఎముక, టెండన్ అలవాటుపడటానికి పెట్టినవి.

చదునైన మట్టి దారి, పార్కు ట్రాక్, స్కూల్ గ్రౌండ్ దొరికితే అదృష్టం. రోడ్డు ఒక పక్కకి వాలి ఉంటే వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు కాలికి పడే భారం మారేలా అదే పక్కన తిరిగి రండి. అడుగులు చిన్నవిగా, త్వరత్వరగా వేయండి, పొడవాటి అంగలు వేస్తే మడమ దబ్బున పడి మోకాలికి తగులుతుంది.

నొప్పి గురించి అందరూ అయోమయపడతారు, కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. నొప్పికి 0 నుంచి 10 దాకా మార్కులు వేయండి, 0 అంటే లేదు, 10 అంటే భరించలేం. మీది టెండన్ గాయం అయితే, అంటే అకిలీస్ లాంటిది, పరుగులో 3 దాకా పర్లేదు, మర్నాడు పొద్దుటికల్లా మామూలు స్థితికి వచ్చేయాలి. మీది ఎముక గాయం అయితే ఆ లెక్క మీకు వర్తించదు. ఎముక మీద 1 ఉన్నా ఆపేయాలి. ఎలా తెలుస్తుందంటే, కండరం నొప్పి అరచేయంత మేర ఉంటుంది, వేడెక్కితే తగ్గుతుంది. ఎముక నొప్పి చోటు ఒక్క వేలితో చూపించగలరు, నొక్కితే చురుక్కుమంటుంది, పరిగెత్తే కొద్దీ పెరుగుతుంది. రాత్రి పడుకున్నాక కూడా సలుపుతుంటే ఇక పరుగు ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, "రెండు రోజులు చూద్దాం" అనొద్దు.

పరుగు ముందు నొప్పి మాత్ర వేసుకోకండి. మీకు ఆపమని చెప్పే ఒకే ఒక్క సంకేతాన్ని అది మూసేస్తుంది, పైగా ఎండలో ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు కొన్ని నొప్పి మాత్రలు కిడ్నీలకి హాని చేస్తాయి.

7. ప్రతి ఉదయం చెక్ చేసుకోండి

నోట్‌బుక్ ఇందుకే. ముందురోజు ఏం చేశారు, ఎంతసేపు, అప్పుడు నొప్పికి ఎన్ని మార్కులు. పొద్దున మంచం దిగి వేసిన మొదటి పది అడుగులు ఎలా ఉన్నాయి, మెట్లు దిగేటప్పుడు ఏమైనా తెలిసిందా, గాయమైన చోట నొక్కితే ఎలా ఉంది, వాపు ఉందా. లేవగానే నాడి కూడా ఒక నిమిషం లెక్కపెట్టండి. మామూలు కంటే 8, 10 ఎక్కువగా ఉంటే, నిద్ర సరిగ్గా లేకపోతే, ఆ రోజు నడకతో సరిపెట్టండి.

ఒక్క రోజు చూసి నిర్ణయం తీసుకోకండి, వారం మొత్తం వరుసగా చూడండి. 1, 1, 2, 2, 3 అని పెరుగుతూ పోతుంటే, ఏ ఒక్క రోజూ పెద్ద నొప్పి లేకపోయినా, అది చెడ్డ వారమే. ఒక దశ వెనక్కి వెళ్లండి. డెంగీ, చికున్‌గున్యా వచ్చి తగ్గిన వాళ్లు ఈ ఉదయం చెకప్ ఇంకా జాగ్రత్తగా చేయాలి, కీళ్ల నొప్పులు వారాల తరబడి ఉండొచ్చు, వాటిని పాత గాయంతో కలిపి తికమకపడకండి. జ్వరం ఉండగా మాత్రం ఏదీ చేయొద్దు.

8. మూడింటినీ కలపండి

30 నిమిషాల పరుగు హాయిగా వస్తున్నప్పుడు సైకిల్ దిగగానే పరిగెత్తడం మొదలుపెట్టండి, దీన్నే బ్రిక్ అంటారు. మొదటిసారి 40 నిమిషాల సైకిల్ తర్వాత 5 నిమిషాల పరుగు, అంతే. కాళ్లు మొద్దుబారి మీవి కానట్టు ఉంటాయి, అది మామూలే. అప్పుడు నడక తీరు మారి కుంటుతున్నారేమో ఎవరినైనా వీడియో తీయమనండి, అలసిన కాళ్లతో పాత గాయాన్ని తప్పించుకుంటూ పరిగెత్తడం తెలియకుండానే జరుగుతుంది. వారానికి ఒక్క బ్రిక్ చాలు, అది ఆ వారం మూడు పరుగుల్లో ఒకటిగా లెక్క, అదనం కాదు. మెల్లగా 20 కిలోమీటర్ల సైకిల్, 20 నిమిషాల పరుగు దాకా రండి.

బట్టలు, షూ మార్చుకునే ట్రాన్సిషన్ కూడా ఇంటి ముందే నాలుగైదుసార్లు చేసి చూడండి. ముఖ్యమైన నియమం, హెల్మెట్ బకిల్ పెట్టుకున్నాకే స్టాండ్ మీంచి సైకిల్ తీయాలి, సైకిల్ తిరిగి పెట్టాకే బకిల్ తీయాలి. చాలా రోజుల తర్వాత వచ్చినవాళ్లు హడావుడిలో ఇక్కడే పెనాల్టీ తెచ్చుకుంటారు.

9. ఇప్పుడు రేస్ ఎంచుకోండి

30 నిమిషాలు ఆగకుండా మూడు వారాలు పరిగెత్తారు, బ్రిక్‌లు నాలుగు అయ్యాయి, ఉదయం నోట్స్‌లో నొప్పి పెరగట్లేదు. ఇప్పుడు పేరు ఇవ్వండి, కనీసం ఆరు వారాల దూరంలో ఉన్న రేస్‌కి. అంతకు ముందే ఇస్తే కట్టిన డబ్బు మీ చేత పరిగెత్తిస్తుంది.

మొదటిది పూల్ ఈత ఉన్న స్ప్రింట్ అయితే మంచిది. స్నేహితులంతా గోవా ఐరన్‌మ్యాన్ 70.3కి వెళ్తుంటే మనసు లాగుతుంది, నాకు అర్థమవుతుంది. కానీ అది సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, ఆ తర్వాత ఉక్కలో 21.1 కిలోమీటర్ల పరుగు. కోలుకున్న ఎముకకి మొదటి పరీక్షగా దాన్ని పెట్టడం అన్యాయం. అంత కోరికగా ఉంటే రిలే టీమ్‌లో ఈతో సైకిలో చేయండి. పరుగు ఇంకా కుదరని వాళ్లకి, ఈత, సైకిల్ మాత్రమే ఉండే ఆక్వాబైక్ విభాగం దొరికితే అది కూడా నిజమైన రేసే, మెడల్ కోసం చేసే సర్దుబాటు అనుకోకండి.

రేస్‌లో చెరువో సముద్రమో ఉంటే ముందు రెండు మూడుసార్లు అలాంటి నీటిలోనే ఈదాలి, ఒంటరిగా మాత్రం ఎప్పుడూ వద్దు. లైఫ్‌గార్డ్ ఉన్నచోట, గుంపుతో, నడుముకి కట్టుకునే రంగు బోయా పెట్టుకుని దిగండి. విశాఖ ఆర్కే బీచ్‌లో అలల కింద నీరు లోపలికి లాగుతుంది, ఈత బాగా వచ్చినవాళ్లు కూడా అక్కడ ప్రాక్టీస్‌కి దిగొద్దు.

10. చివరి రెండు వారాలు, రేస్ రోజు

చివరి రెండు వారాలు కొత్తగా ఏమీ రాదు, ఉన్నది పోగొట్టుకోకపోతే చాలు. మొదటి వారం మామూలులో మూడింట రెండు వంతులు, రెండో వారం సగం. కొత్త షూ, కొత్త ఎనర్జీ జెల్, కొత్త సీటు ఎత్తు ఏదీ వద్దు. తిండి ఇంట్లో అలవాటైనదే. రేస్‌కి రెండు మూడు గంటల ముందు ఇడ్లీ, అరటిపండు, లేదా పలుచటి రాగి జావ పడే వాళ్లకి అదే. తాగడానికి ఓఆర్ఎస్ కలిపిన నీళ్లు, దీన్ని బ్రిక్‌లలోనే తాగి చూసి ఉండాలి.

ముందురోజు రాత్రి ఒక కాగితం మీద రాసుకోండి: ఏమైతే నేను ఆగిపోతాను. ఉదాహరణకి, గాయమైన చోట ఎముక నొప్పి వస్తే, లేదా కుంటుతుంటే, లేదా నొప్పి 4 దాటితే. ఇంట్లో వాళ్లకో స్నేహితుడికో చూపించండి. పరిగెత్తేటప్పుడు పక్కవాళ్లు చప్పట్లు కొడుతుంటే ఆ నిర్ణయం తీసుకోవడం చాలా కష్టం, అందుకే ముందే రాసుకోవాలి.

ఈతలో వెనక, పక్కకి నిలబడి మొదలుపెట్టండి. భయం వేస్తే వెల్లకిలా తేలండి, లేదా సహాయక పడవ పట్టుకుని ఊపిరి తీసుకోండి, దాన్ని పట్టుకుని ముందుకి కదలనంత వరకు సాధారణంగా అది తప్పు కాదు. సైకిల్ మీద మీరు చేయగలిగిన దానికంటే తక్కువ తొక్కండి, సైకిల్‌లో దాచుకున్న కాళ్లే పరుగులో పనికొస్తాయి. ముందువాళ్ల వెనకే అతుక్కుని తొక్కితే పెనాల్టీ పడుతుంది, ఎంత దూరం ఉండాలో ఆ రేస్ నిబంధనల్లో చూసుకోండి, ఐరన్‌మ్యాన్ రేసుల్లో మామూలు పోటీదారులకి 12 మీటర్లు. పరుగులో మొదటి కిలోమీటర్ నెమ్మదిగా, నీళ్ల టేబుల్ వచ్చిన ప్రతిసారీ 30 సెకన్లు నడక. పాత టైమ్‌లు గుర్తు చేసుకోకండి, అవి గాయానికి ముందు కాలానివి.

రేస్ అయ్యాక

ఆ సాయంత్రం అంతా బాగానే ఉంటుంది, ఉత్సాహంలో ఏమీ తెలియదు. 24 గంటలకి, 48 గంటలకి ఉదయం చెకప్ మొత్తం చేయండి, కాళ్లు పట్టేసి లేకపోతే ఒంటికాలితో పది గెంతులు కూడా. తొడలు, పిక్కలు పట్టేసి ఉంటే అది మామూలు, మూడు నాలుగు రోజుల్లో పోతుంది, ఆ బిగువు తగ్గాక గెంతి చూడండి. పాత గాయం చోట వేలితో చూపించగలిగే నొప్పి ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించండి.

వారం రోజులు పరుగు వద్దు, ఈత, తేలిక సైకిల్ చాలు. తర్వాత ఐదో దశ నుంచి మళ్లీ మొదలుపెట్టండి. 1500 మీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు ఉండే ఒలింపిక్ దూరానికి వెళ్లాలంటే వారానికి మూడు పరుగులు, రెండు రోజుల కాళ్ల వ్యాయామం మూడు నెలలు విడవకుండా చేసి ఉండాలి. అవి కుదరకపోతే తర్వాతిది కూడా స్ప్రింటే చేయండి.